నెలవారీ బిల్లులపై క్రెడిట్ కార్డు పాయింట్లు: ఊరి ప్రయాణానికి ఎంత కలిసొస్తుంది?

ఆదివారం పూట సంఘం కార్యాలయానికి వచ్చేవాళ్లలో ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "కరెంటు బిల్లు, కిరాణా అన్నీ కార్డుతో కడితే రైలు టికెట్లు ఊరికే వస్తాయటగదా, నిజమేనా సెక్రటరీ గారూ?" అని. సగం నిజం. ఆ సగం ఏదో, మిగతా సగం ఏదో అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదనిపించి ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పద్దులు రాసినవాణ్ణి. కాబట్టి కబుర్లతో కాకుండా లెక్కలతో చెబుతాను.

మనకు ప్రయాణమంటే షికారు కాదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో ఉన్నా, హోసూరు, కోయంబత్తూరుల్లో ఉన్నా, బళ్లారి, సోలాపూరు, యానాంలలో ఉన్నా, తరాలుగా ఇక్కడే స్థిరపడ్డా, పెళ్లిళ్లూ కర్మలూ మొక్కుబడులూ మనల్ని ఏడాదికి ఒకటి రెండుసార్లయినా రైలెక్కిస్తాయి. ఆ రాకపోకలు తగ్గితే మన పిల్లలకు మేనత్తలు, పెదనాన్నలు ఫోటోల్లోనే మిగిలిపోతారు. అందుకే ప్రయాణ ఖర్చులో వెయ్యి రూపాయలు కలిసొచ్చినా మంచిదే. ఆ వెయ్యి కోసం పదివేలు పోగొట్టుకోకుండా చూసుకోవడం అంతకంటే ముఖ్యం.

పాయింటు విలువ ఎంత?

కార్డుతో ఖర్చు చేసినప్పుడు బ్యాంకు మన ఖాతాలో వేసే చిన్న తగ్గింపే రివార్డు పాయింటు. వంద రూపాయలకు ఒక పాయింటు, నూట యాభైకి రెండు పాయింట్లు, ఇలా ఒక్కో కార్డుకు ఒక్కో లెక్క. పాయింట్ల సంఖ్య చూసి మురిసిపోకూడదు. ఒక పాయింటుకు ఎన్ని పైసలు అన్నదే అసలు ప్రశ్న. చాలా సాధారణ కార్డుల్లో ఒక పాయింటు విలువ 20 నుంచి 25 పైసలు మాత్రమే. అంటే వంద రూపాయలకు ఒక పాయింటు ఇచ్చే కార్డులో మనకు దక్కేది నూటికి పావలా. కొన్ని కార్డులు నూటికి రూపాయి దాకా ఇస్తాయి. అంతకంటే ఎక్కువ ఇస్తామనే కార్డులు ఏదో ఒక రకం ఖర్చుకే ఇస్తాయి, దానికీ నెలకింత అని గరిష్ఠ పరిమితి పెడతాయి.

కార్డు ఇవ్వడానికి వచ్చిన కుర్రవాణ్ణి మూడు మాటలు అడగండి. పాయింటుకు ఎన్ని పైసలు? ఎన్నేళ్లలో మురిగిపోతాయి? వాడుకునేటప్పుడు రుసుము ఉందా? చాలా కార్డుల్లో పాయింట్లకు రెండు మూడేళ్ల గడువు ఉంటుంది. కొన్ని బ్యాంకులు పాయింట్లను వాడుకున్న ప్రతిసారీ రూ.99, దానిపై జీఎస్టీ వసూలు చేస్తాయి. అంటే దాదాపు రూ.117. అందుకని కొద్దికొద్దిగా కాకుండా ఏడాదికి ఒక్కసారే వాడుకోవాలి.

ఏ బిల్లులకు వస్తాయి, ఏవాటికి రావు?

"అన్ని బిల్లులకూ" అన్న ప్రకటన కింద చిన్న అక్షరాల్లో మినహాయింపులుంటాయి. సాధారణంగా పాయింట్లు రానివి ఇవి: పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం, ఏటీఎం నుంచి నగదు తీయడం, ఈఎంఐలు, పన్నులు వంటి ప్రభుత్వ చెల్లింపులు. కరెంటు, నీరు, ఫోను బిల్లులకు కొన్ని కార్డులు పాయింట్లు ఇస్తాయి, కొన్ని తక్కువ ఇస్తాయి, కొన్ని అసలే ఇవ్వవు. 2024 నుంచి కొన్ని పెద్ద బ్యాంకులు ఈ బిల్లులు నెలకు రూ.50,000 దాటితే ఒక శాతం రుసుము కూడా వేస్తున్నాయి. మామూలు ఇంటికి అంత బిల్లు రాదు. ఇంటి కనెక్షనుతో పాటు దుకాణం, మగ్గాల షెడ్డు బిల్లులన్నీ ఒకే కార్డు మీద కట్టేవాళ్లు మాత్రం చూసుకోవాలి.

రాష్ట్రాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. తమిళనాడులో ఇంటి కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, అందులో మొదటి 100 యూనిట్లు ఉచితం. కర్ణాటకలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడుకునే అర్హులకు బిల్లే ఉండదు. బిల్లు లేనిచోట పాయింటూ లేదు. కాబట్టి బళ్లారిలో ఉన్నవారు సోలాపూరు బంధువుల లెక్క చూసి కార్డు తీసుకోకూడదు.

కట్టేటప్పుడు తెర మీద చివరి మొత్తం చూడండి. కొన్ని వెబ్‌సైట్లు, యాప్‌లు కార్డుతో కడితే అదనపు రుసుము వేస్తాయి. రూ.1,800 కరెంటు బిల్లుపై ఒక శాతం రుసుము, దానిపై జీఎస్టీ కలిపితే రూ.21.24. నూటికి పావలా లెక్కన వచ్చే పాయింట్ల విలువ రూ.4.50. అలాంటిచోట యూపీఐతో నేరుగా బ్యాంకు ఖాతా నుంచి కట్టేయడమే లాభం.

కిరాణా కొట్లో కార్డు గీసే యంత్రం ఉండదుగదా అంటారు. 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకునే వీలు వచ్చింది. కొట్టువాడి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆ కార్డు నుంచే కట్టవచ్చు. అయితే అది వ్యాపారి కోడ్ అయి ఉండాలి. సొంత పేరు మీద మామూలు యూపీఐ పెట్టుకున్న కూరగాయలామెకు ఇలా కట్టడం కుదరదు. యూపీఐ ద్వారా చేసిన ఖర్చుకు కొన్ని కార్డులు తక్కువ పాయింట్లు ఇస్తాయి, అదీ అడగండి.

ఒక ఇంటి లెక్క

నలుగురున్న ఒక మామూలు ఇంటి నెల ఖర్చు ఇలా అనుకుందాం.

కిరాణా, కూరగాయలు: రూ.9,000
మందులు: రూ.2,500
బట్టలు, స్కూలు సామాన్లు (సగటున): రూ.2,000
పెట్రోలు: రూ.2,000
కరెంటు: రూ.1,800
ఫోన్లు, ఇంటర్నెట్: రూ.1,700
గ్యాసు: రూ.1,000
మొత్తం: రూ.20,000

పెట్రోలు, కరెంటులకు పాయింట్లు రావనుకుంటే మిగిలేది రూ.16,200.

నూటికి పావలా ఇచ్చే కార్డు అయితే నెలకు రూ.40.50, ఏడాదికి రూ.486. కార్డు వార్షిక రుసుము రూ.500, జీఎస్టీతో రూ.590 అనుకోండి. అంటే ఏడాదంతా జాగ్రత్తగా కట్టి చివరికి రూ.104 నష్టం.

నూటికి రూపాయి ఇచ్చే కార్డు అయితే నెలకు రూ.162, ఏడాదికి రూ.1,944. వార్షిక రుసుము పోగా మిగిలేది రూ.1,354. ఏడాదికి ఇంత ఖర్చు చేస్తే రుసుము మాఫీ అని చాలా కార్డుల్లో ఉంటుంది. మాఫీ అయితే పూర్తి రూ.1,944 మనవే. బరంపురం నుంచి అన్నవరానికి నలుగురు స్లీపర్‌లో వెళ్లడానికి అది సరిపోతుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం జేబులో చెయ్యి పెట్టాల్సిందే. "ఊరికే టికెట్లు" అన్న మాటకు నిజమైన కొలత ఇదీ.

రెండు తేదీలు గుర్తుంటే చాలు

కార్డుకు రెండు తేదీలుంటాయి. బిల్లు వేసే తేదీ ఒకటి, డబ్బు కట్టవలసిన గడువు తేదీ ఇంకొకటి. మీ బిల్లు ప్రతి నెల 15న పడి, గడువు వచ్చే నెల 5 అనుకోండి. జూన్ 16న కొన్న సరుకు జూలై 15 బిల్లులో వస్తుంది, ఆగస్టు 5 లోపు కట్టాలి. అంటే 50 రోజులు వడ్డీ లేదు. అదే జూలై 14న కొంటే 22 రోజులే. పింఛను ఒకటో తేదీన పడేవారికి గడువు 5 లేదా 6 అయితే సుఖం. బిల్లు తేదీ మార్చమని బ్యాంకును అడిగే హక్కు రిజర్వ్ బ్యాంకు మనకు ఇచ్చింది. నెలాఖరులో గడువు పడి ఇబ్బంది పడేవారు ఆ హక్కు వాడుకోవాలి.

గడువు దాటాక మూడు రోజులు మించితే తప్ప ఆలస్య రుసుము వేయకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. అలాగని దాని మీద ఆధారపడవద్దు. గడువుకు రెండు రోజుల ముందే కట్టడం అలవాటు చేసుకోండి. మీ పొదుపు ఖాతా నుంచి మొత్తం బిల్లు దానంతటదే కట్టేలా ఆటో డెబిట్ పెట్టుకోవచ్చు. ఆ కాగితంలో "కనీస మొత్తం" దగ్గర కాదు, "మొత్తం బాకీ" దగ్గర టిక్కు పెట్టండి.

నేను చేసిన తప్పు

ఈ టిక్కు సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. ఉద్యోగ విరమణ తర్వాత మొదటిసారి కార్డు తీసుకున్నప్పుడు బిల్లులో రెండు అంకెలు కనిపించాయి. పెద్దది మొత్తం బాకీ, చిన్నది కనీస మొత్తం. చిన్నది చూసి వాయిదా అనుకున్నాను. ప్రతి నెలా గడువులోపు అదే కట్టాను. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ తప్పనలేదు. మూడో నెల బిల్లులో వడ్డీ గీత చదివి మా ఆవిడ, "పద్దులు రాసినవారేనా మీరు?" అంది. ఆ ఏడాది వేసవికి పిల్లలతో విశాఖపట్నం వెళ్దామని కూడబెట్టిన పాయింట్ల కంటే నేను కట్టిన వడ్డీయే ఎక్కువ. ఆ ప్రయాణం దసరాకు వాయిదా పడింది. తప్పు బ్యాంకుదని అననుగాని, ఆ చిన్న అంకె ఎందుకు పెడతారో ఆ రోజు అర్థమైంది.

ఆ లెక్కా చూడండి. కార్డు వడ్డీ సాధారణంగా నెలకు 3 నుంచి 4 శాతం వరకు ఉంటుంది. అంటే ఏడాదికి 36 నుంచి 48 శాతం. రూ.20,000 బాకీ ఉంచితే నెలకు 3.5 శాతం చొప్పున రూ.700, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.126, మొత్తం రూ.826. పైగా పూర్తి బిల్లు కట్టకపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, సరుకు కొన్న తేదీ నుంచే లెక్కిస్తారు. కొత్త కొనుగోళ్లకూ వడ్డీ లేని రోజులు పోతాయి. ఇలా మూడు నెలలు జరిగితే రూ.2,400 దాటుతుంది. పైన మనం ఏడాదంతా కూడబెట్టిన రూ.1,944 మూడో నెలలోనే కరిగిపోయింది.

అందుకే మా సంఘంలో ఒక మాట చెబుతుంటాను. నెల బిల్లు మొత్తం గడువులోపు కట్టగలిగిన ఇంటికే పాయింట్లు. కట్టలేని నెలలు ఏడాదిలో ఒక్కటి ఉన్నా ఆ ఇంటికి కార్డు వద్దు, యూపీఐ చాలు.

ప్రయాణానికి ఎలా వాడుకోవాలి?

రైలు ఎక్కువగా ఎక్కేవారికి ఐఆర్‌సీటీసీతో కలిసి బ్యాంకులు ఇచ్చే కార్డులున్నాయి. ఎస్‌బీఐ కార్డు, బ్యాంక్ ఆఫ్ బరోడా, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఇలాంటివి తెచ్చాయి. వీటిలో పాయింట్లను నేరుగా రైలు టికెట్లకు వాడుకోవచ్చు. ఏసీ తరగతి టికెట్లు కార్డుతో కొంటే ఎక్కువ పాయింట్లిచ్చేవి కూడా వీటిలో ఉన్నాయి. స్లీపర్‌లోనే వెళ్లేవారికి ఆ అదనపు లాభం దక్కకపోవచ్చు. మామూలు కార్డు ఉన్నవారు పాయింట్లను బిల్లులో తగ్గింపుగా తీసుకుని, ఆ డబ్బుతో టికెట్ కొనుక్కోవడం తేలిక. బ్యాంకు ప్రయాణ పోర్టల్లో బుక్ చేసే ముందు అదే టికెట్, అదే గది బయట ఎంతకు దొరుకుతుందో చూడండి. అక్కడ ధర ఎక్కువైతే పాయింటు విలువ అక్కడే పోతుంది.

టికెట్ల గురించి మనవాళ్లు గుర్తుంచుకోవలసినవి కొన్ని:

ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులే. పెళ్లి ముహూర్తం ముందే తెలిసినా టికెట్ అరవై రోజుల లోపే దొరుకుతుంది. ఆ నెలకు పాయింట్లు సిద్ధంగా ఉంచుకోవాలి.

ఆన్‌లైన్ టికెట్‌పై ఐఆర్‌సీటీసీ సేవా రుసుము ఏసీకి రూ.30, నాన్ ఏసీకి రూ.15, దానిపై జీఎస్టీ. యూపీఐతో కడితే రూ.20, రూ.10. టికెట్ రద్దు చేసినా ఈ రుసుము తిరిగి రాదు.

ఐదేళ్లు నిండి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. బెర్తు వద్దంటే సగం.

వృద్ధులకు ఉన్న చార్జీ రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. పురుషులకు 40 శాతం, స్త్రీలకు 50 శాతం ఉండేది. ఆ రోజుల లెక్కతో ఇప్పుడు బడ్జెట్ వేసుకోకండి. దిగువ బెర్తు కోటా మాత్రం 60 నిండిన పురుషులకు, 45 నిండిన స్త్రీలకు ఉంది. బుక్ చేసేటప్పుడు వయసు సరిగ్గా వేయాలి.

తత్కాల్ టికెట్‌ను ఆన్‌లైన్‌లో తీయాలంటే 2025 జూలై 1 నుంచి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. మనలో చాలామందికి ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, ఐఆర్‌సీటీసీలో ఒకలా ఉంటుంది. స్థానిక భాషలోంచి రాసినప్పుడు అక్షరాలు మారిపోయిన పేర్లు ఎన్నో. అవసరం రాకముందే సరిచేసుకోండి.

కార్డుతో కొన్న టికెట్ రద్దు చేస్తే డబ్బు అదే కార్డుకు తిరిగి వస్తుంది, ఆ టికెట్‌కు ఇచ్చిన పాయింట్లను బ్యాంకు వెనక్కి తీసుకుంటుంది.

కార్డు ఎవరి పేరు మీద?

జీతం కాగితం లేని పింఛనుదారులకు, ఇంట్లో వ్యాపారం చేసుకునేవారికి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు ఇచ్చే బ్యాంకులున్నాయి. డిపాజిట్ వడ్డీ మామూలుగానే వస్తుంది, పరిమితి డిపాజిట్‌ను బట్టి ఉంటుంది. చేతి హద్దు దాటకుండా ఉండటానికి కూడా ఇది మంచి పద్ధతి. భార్యకు, పెద్దపిల్లలకు అదనపు కార్డు ఇప్పించవచ్చు. పాయింట్లు ఒకేచోట చేరతాయి. అయితే వాళ్లు చేసిన ఖర్చుకు కూడా బాధ్యత అసలు కార్డుదారుడిదే. కొడుకు పేరున కార్డు, తండ్రి ఖర్చు అయితే బాకీ కొడుకుది. ఆలస్యమైతే కొడుకు క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది, రేపు అతనికి ఇంటి అప్పు దొరకడం కష్టమవుతుంది. ఈ మాట ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

షరతుల కాగితం ఇంగ్లీషులోనో, హిందీలోనో, స్థానిక భాషలోనో వస్తుంది. స్థానిక భాష అంటే మనకు ఒడియా, తమిళం, కన్నడం, మరాఠీ. తెలుగు మాత్రమే చదవగల పెద్దలు సంతకం పెట్టే ముందు ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. వాళ్లు దూరంగా ఉంటే సంఘానికి తీసుకురండి.

మోసాలు, ఫిర్యాదులు

"మీ 7,850 పాయింట్లు ఈ రాత్రికి మురిగిపోతున్నాయి, వెంటనే ఈ లింకు నొక్కండి" అంటూ సందేశం వస్తే అది మోసం. ఆ తొందరే దాని గుర్తు. లింకు నొక్కవద్దు, ఏ యాప్ ఫైలూ దించుకోవద్దు, ఓటీపీ చెప్పవద్దు. పాయింట్లు ఎన్నున్నాయో బ్యాంకు సొంత యాప్‌లోనో నెల బిల్లులోనో చూసుకోండి.

డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి, 1930కి ఫిర్యాదు చేయండి. బ్యాంకు తప్పు, మన తప్పు కాకుండా బయటి లోపం వల్ల డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల లోపు తెలియజేసిన ఖాతాదారుపై భారం ఉండదని రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఆదేశించింది. మనమే ఓటీపీ చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బు మనదే. అందుకే గంటలు కాదు, నిమిషాలు లెక్క.

2022 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన కార్డుల ఆదేశాల ప్రకారం, అడగని కార్డు పంపకూడదు. బాకీ లేని కార్డు మూసివేయమని కోరితే ఏడు పనిదినాల్లో మూసివేయాలి. లేకపోతే ఆలస్యమైన రోజుకు రూ.500 చొప్పున కార్డుదారుకు చెల్లించాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే, వచ్చినా తృప్తి కలగకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సలహాకు 14448 నంబరు. ఏడాదికోసారి మీ క్రెడిట్ నివేదికను ఉచితంగా తెప్పించుకునే హక్కూ ఉంది. మీకు తెలియని కార్డు మీ పేరున ఉందేమో అందులో తెలుస్తుంది.

ఒక చిన్న నోటుపుస్తకం

చివరిగా నా పాత వృత్తి సలహా ఒకటి. పది రూపాయల నోటుపుస్తకం కొనండి. ప్రతి నెలా ఒక వరుస రాయండి: బిల్లు మొత్తం, కట్టిన తేదీ, ఆ నెల పాయింట్లు, వాటి విలువ రూపాయల్లో, కట్టిన రుసుములు, వడ్డీ. ఏడాది చివర కూడిక వేయండి. రుసుములు, వడ్డీ పోగా మిగులు ఉంటే కార్డు ఉంచండి, దాంతో టికెట్ తీయండి. మిగులు లేకపోతే కార్డు మూసేయండి. పాయింట్ల కోసం అవసరంలేనిది ఒక్క వస్తువు కొన్నా ఆ లెక్క తప్పినట్టే.

మా ఇంట్లో ఇప్పుడు ఆ పుస్తకం మా ఆవిడ రాస్తోంది. కిందటి సంక్రాంతికి మిగులు పద్దెనిమిది వందల చిల్లర తేలింది. ఇద్దరం అన్నవరం వెళ్లి వ్రతం చేసుకుని వచ్చాం. టికెట్ల డబ్బు పాయింట్లది, ప్రసాదం డబ్బు మాత్రం మాదే.